నూటికింతమ్మ

మా ఆఫీసులో ఆమెకు నూటికింతమ్మ అని పేరు పెట్టింది నేను కాదు. పెట్టినవాడెవడో తెలిస్తే పిలిచి నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. "టీ తాగుతారా?" అని అడిగితే "నూటికి అరవై తాగుతాను" అందని ఒక కథ ప్రచారంలో ఉంది. సెలవు కావాలంటూ "రేపు నాకు జ్వరం వచ్చే అవకాశం నూటికి ఎనభై" అని రాసిచ్చిందని ఇంకో కథ. రెండూ కోతలే. ఆమె అసలు టీ తాగదు. జ్వరం వచ్చినా సెలవు పెట్టదు, ఎందుకంటే ఇంటికి వెళ్తే ఆమెకు గ్లాసెడు మంచినీళ్ళు అందించే మనిషి లేదు.

మాది వాతావరణ కార్యాలయంలో ఫోన్ల గది. పై అంతస్తులో శాస్త్రవేత్తలు సముద్రాల వేడినీ గాలుల నడకనీ లెక్కగట్టి రంగురంగుల పటాలు తయారుచేస్తారు. వాన మీద బతికే రైతులు కింద అంతస్తుకి ఫోన్ చేస్తారు. ఆ పటాల్లో ఉన్నదాన్ని వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం మా ఆపరేటర్ల పని. నేను ఆ గదికి సూపర్వైజర్ని. నేను చేసేదల్లా వినడం. నా దగ్గరున్న ఇయర్‌ఫోన్‌తో ఏ లైనులోకైనా దూరి రెండు వైపుల మాటలూ వినొచ్చు. ఆపరేటర్ హద్దు దాటి మాట్లాడితే బల్ల మీదున్న బెల్లు నొక్కాలి. పరాయివాళ్ళ మాటలు పొంచి వినడానికి నెలనెలా జీతం ఇస్తున్నారు. "ఇంట్లో నేను మొత్తుకునేది వినడానికి మాత్రం మీకు చెవులుండవు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

హద్దంటే మాకు ఒక్కటే హద్దు. "వాన వస్తుంది" అనకూడదు, "వాన రాదు" అనకూడదు. నూటికి ఇంత అవకాశం ఉంది అని మాత్రమే అనాలి. ఇది వినడానికి ఎంత చిన్న సంగతిగా ఉంటుందో, చెప్పేవాడికి అంత నరకం. విత్తనాలు ఇంట్లో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న మనిషికి లెక్కలు అక్కర్లేదు, ఒక్క మాట కావాలి. "అది కాదమ్మా, వస్తుందా రాదా అది చెప్పు" అని బతిమాలతారు. చెప్పకపోతే తిడతారు. గోడమీద పిల్లులంటారు, కూర్చోబెట్టి మేపుతున్నారంటారు. పోరు పడలేక మిగతా ఆపరేటర్లు అప్పుడప్పుడూ "వచ్చేట్టే ఉందిలెండి" అని నోరు జారతారు. అప్పుడు నేను బెల్లు నొక్కుతాను. ఆమెకు మాత్రం నేను ఏనాడూ బెల్లు నొక్కలేదు.

సముద్రం వేడెక్కిన సంవత్సరాల్లో మా గదికి ఊపిరాడదు. టీవీవాళ్ళు ముందే కరువొచ్చేసిందని కేకలు మొదలుపెడతారు, వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కేకలు విని బెంబేలెత్తినవాళ్ళంతా మాకు ఫోన్ చేస్తారు. వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కితే మా చేలో వానకేం రోగం అని. మిగతావాళ్ళు "అది ఎల్ నినో అండి" అని ఊరుకుంటారు. ఆమె ఓపిగ్గా చెప్పేది.

"వెడల్పాటి గిన్నెలో పాలున్నాయనుకోండి. ఈ పక్క నుంచి మీరు ఊదుతున్నారు. మీగడ ఏమవుతుంది?"

"అవతలి అంచుకి పోతుంది."

"పసిఫిక్ మీద గాలులు కూడా అంతేనండి. తూర్పు నుంచి పడమటికి ఊదుతూనే ఉంటాయి. ఎండకి కాగిన పైనీళ్ళన్నీ పడమటి అంచుకి పోయి చేరతాయి. తూర్పు అంచున అడుగునుంచి చన్నీళ్ళు పైకొస్తాయి. వేడినీళ్ళు ఎక్కడుంటే మబ్బు అక్కడ కడుతుంది. కొన్నేళ్ళకోసారి ఆ గాలులు నీరసపడతాయి. మరి మీరు ఊదడం ఆపేస్తే?"

"మీగడ వెనక్కొచ్చేస్తుంది."

"వేడీ అలాగే వెనక్కొస్తుంది, మబ్బులు దాని వెంట పోతాయి. చినుకు ఎరగని చోట వరదలు. చన్నీళ్ళతో పైకొచ్చే మేత ఆగిపోయి చేపలు మాయం. ఇంకోచోట పచ్చటి అడవులెండిపోయి మంటలు. గాలి ఒక్కచోట కుదురు తప్పితే ప్రపంచమంతా సర్దుకోవాలి. మన వానలు కూడా తగ్గే అవకాశం ఎక్కువ."

"ఎక్కువంటే ఎంత?"

"నూటికి అరవై ఐదండి."

ఆ మీగడ పోలిక ఆమె సొంతం కాదు. పై అంతస్తులో ఒక ముసలాయన చెప్పాడు. ఆయన చెబితే నాకు నిద్రొచ్చింది. ఆమె చెబుతుంటే అవతలివాళ్ళు ఊఁ కొట్టేవాళ్ళు. చిన్నపిల్లాడికి అన్నం తినిపిస్తూ కథ చెప్పేవాళ్ళ గొంతు ఆమెది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది.

ఒకసారి ఆఫీసు మెట్ల మీద ఆమె కాలు మడతపడింది. నేనూ మా ఆవిడా చూడటానికి వెళ్ళాం. సైకిళ్ళ దుకాణం మీద ఒంటి గది. గాలికొట్టే పంపు చప్పుడు నేలలోంచి వినిపిస్తూ ఉంటుంది. గదిలో ఒకే కుర్చీ. దాన్ని మా ఆవిడకిచ్చి, నన్ను మంచం చివర కూర్చోబెట్టి, తను కాలు చాపుకుని కింద కూర్చుంది. తుడిచి తుడిచి గచ్చు అరిగిపోయినట్టుంది ఆ గది. ఒక్క మనిషి మసలే ఇంట్లో దుమ్మెక్కడినుంచి వస్తుంది, అయినా రోజూ తుడుస్తానని చెప్పింది. ఆదివారం కదా, ఫోన్ మోకాలి పక్కనే పెట్టుకుంది. కబుర్ల మధ్యలో దాని వైపు చూసి మళ్ళీ మా వైపు చూసేది.

మా ఆవిడకు మొహమాటం లేదు. "ఎవరి ఫోనన్నా రావాలా?" అని అడిగేసింది.

"మా తమ్ముడు ఆదివారాలు చేసేవాడండీ" అంది ఆమె. తర్వాత ఇంకేమీ దాచలేదు. నాకు తెలిసి ఆమె అంతసేపు నూటికింత లెక్క లేకుండా మాట్లాడటం అదొక్కసారే.

తల్లి పోయేనాటికి తమ్ముడికి నడక రాలేదట. తండ్రి పొలంలో ఉంటే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే. వాడికి అన్నం తినిపించడం, వాడి ముక్కు తుడవడం, వాడి తరఫున వీధిలో పిల్లలతో దెబ్బలాడటం అన్నీ ఆమె పనులే. బడి నుంచి రాగానే ఇద్దరూ కలిసి చేలో రాళ్ళు ఏరేవాళ్ళు. తండ్రి కూడా పోయాక వాడు పొలం పట్టుకున్నాడు, ఈమె ఉద్యోగం పట్టుకుని ఈ ఊరొచ్చింది. పెళ్ళి మాటొస్తే వాడి పెళ్ళయ్యాక చూద్దామనుకుంది. వాడి పెళ్ళయింది, తర్వాత ఈమె మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. అలా ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిపోయింది. అయినా దిగులు లేదంది, ఆదివారం ఫోనుండేది కాబట్టి. పైరెంత లేచింది, పురుగు పట్టిందా, మరదలికి ఒంట్లో ఎలా ఉంది, వారానికి సరిపడా మాట్లాడుకునేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం నాడే జరిగింది. ఆ ఏడాది పసిఫిక్ బాగా వేడెక్కింది. తమ్ముడు అడిగాడు. ఈమె అలవాటుగా "వానలు తగ్గే అవకాశం నూటికి డెబ్భై" అంది.

"నూటికింతలు ఫోన్ చేసినవాళ్ళకి చెప్పుకో అక్కా" అన్నాడట వాడు నవ్వుతూ. "నేను నీ తమ్ముణ్ణి. వెయ్యనా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు."

ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పేదే తమ్ముడికీ చెబితే ఇక అక్కతనం ఏముంది అనిపించిందట ఆమెకు. తనవాడికి అందరికంటే కాస్త ఎక్కువివ్వాలనుకుంది. ఆ గదిలో ఉన్న మనిషి దగ్గర ఇంకేముంది ఎక్కువివ్వడానికి? "వెయ్యొద్దురా" అంది. "ఈ ఏడు వానల్లేవు. నామాట విను."

విన్నాడు. అక్క మాట వాడికి వేదం. మొక్కజొన్న వెయ్యకుండా చేను బీడు పెట్టి, టౌనుకెళ్ళి ఎరువుల గోడౌన్లో బస్తాలు మోయడానికి కుదిరాడు. ఊళ్ళో ఎవరడిగినా "మా అక్క ఆ ఆఫీసులోనే ఉంది, ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నాడట.

వానలు అదునుకే వచ్చాయి. పసిఫిక్ వేడెక్కిన మాట నిజమే, కానీ ఆ ఏడాది మనకు దగ్గరున్న సముద్రం కూడా వేడెక్కి, అది పోగొట్టిన మబ్బులను ఇది తెచ్చిపెట్టింది. సముద్రాలన్నీ ఒక ఇంటివాళ్ళే, ఒకరు అలిగితే ఇంకొకరు వడ్డిస్తారని ఎవరికి తెలుసు. చుట్టూ చేలన్నీ మనిషెత్తు లేచి కంకులు పట్టాయి. మధ్యలో వాడి చేను ఒక్కటే కలుపు మొక్కలతో బీడుగా నిలబడింది. గట్టు మీద పోయేవాళ్ళంతా ఒక్క క్షణం ఆగి చూసి, "అక్కగారి చేను" అని నవ్వుకుని పోయేవాళ్ళట. బస్తాలు మోసి వాడి మెడ వాచిందని మరదలు చెప్పింది.

ఆమె ఫోన్ చేసింది. పసిఫిక్ గురించి, దగ్గరి సముద్రం గురించి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చివర "డెబ్భై అంటే మిగతా ముప్ఫై కూడా అవకాశమే కదరా" అంది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు నూటికింత?" అన్నాడు వాడు.

అప్పటికి వాడు ఆమెతో మాట్లాడిన ఆఖరి మాట అదే. పోట్లాడలేదు, తిట్టలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు, అంతే. ఆమె చేస్తే మరదలు ఎత్తి "ఇప్పుడే పొలానికెళ్ళాడు వదినా" అనేది. పొద్దున చేసినా పొలానికే, చీకటిపడ్డాక చేసినా పొలానికే. పాపం ఆ పిల్లకు ఇంకో అబద్ధం చేతకాలేదు. ఒకసారి వెనకాల వాడి దగ్గు కూడా వినపడిందట. ఆ దగ్గు వినడానికైనా చేస్తూ ఉంటానని చెప్పింది. ఒకసారి బస్సెక్కి వెళ్ళింది కూడా. వాడు "రా" అనలేదు, "పో" అనలేదు. కంచం పెట్టించి తను చేలోకి వెళ్ళిపోయాడు. ఆ బీడు కళ్ళ పడకుండా వేరే దారిన తిరిగి వచ్చానని చెప్పి ఆమె కాలి కట్టు వైపు చూస్తూ కూర్చుంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను కింద పంపు చప్పుడు గురించి ఏదో పిచ్చిమాట అన్నాను.

తమ్ముడు మాట మానేసినప్పటి నుంచే ఆమె దేన్నీ ఖాయంగా చెప్పలేని మనిషైంది. పిల్లికి పాలు పోస్తే తాగుతుందా అన్నా "తాగొచ్చు" అంటుంది. జనం దాన్ని చూసే నవ్వి పేరు పెట్టారు. నేను వాళ్ళకు కారణం చెప్పలేదు. అది ఆమె సొంత విషయం, పదిమంది నోళ్ళలో నానడానికి కాదు.

మరి కొన్నేళ్ళు గడిచాయి. ఈ ఏడు గాలులు మళ్ళీ నీరసపడ్డాయి. పై అంతస్తు నుంచి వచ్చిన పటంలో పసిఫిక్ మధ్య నుంచి తూర్పు దాకా ఎర్రటి నాలుకలా మరక సాగింది. ఇక మా ఫోన్లు జోరీగల్లా మోగడం మొదలైంది. ఎవరి కాల్ ఏ ఆపరేటర్‌కి వెళ్తుందో మా చేతిలో ఉండదు, ఖాళీగా ఉన్న లైనుకి అదే పోతుంది.

ఆ పొద్దున నేను ఆమె లైను వింటున్నాను. "వాతావరణ కార్యాలయం, చెప్పండి" అంది. అవతల ఎవరో చిన్నగా దగ్గారు. ఆమె ఠక్కున ఆగిపోయింది. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఈ ఏడు వానల గురించి అడుగుదామని, మేడం" అన్నాడు అవతలి మనిషి. మాటలు ముందే వల్లెవేసుకున్నట్టుగా ఉన్నాయి.

ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆమె వాటిని మొదలుపెట్టింది. ఊరు అడిగింది, చెప్పాడు. ఎంత పొలం అంది, చెప్పాడు. ఆమె గొంతు మామూలుగానే ఉంది, కాకపోతే ఒక్కో ప్రశ్నకీ ముందు ఊపిరి తీసుకుంటోంది.

"నేల ఏ రకమండి?"

"ఎర్ర నేల."

"ఉత్తరపు గట్టు పక్క రాళ్ళు తీయించారా?"

అది మా ప్రశ్నల్లో లేదు. అలవాటు కొద్దీ నా వేలు బెల్లు మీదకి పోయింది. అంతలోనే అవతల ఎవరున్నారో అర్థమైంది. వేలు వెనక్కి తీసుకున్నాను.

"కొన్ని తీశాం" అన్నాడతను. "పెద్దవి అలాగే ఉన్నాయి, మేడం."

"నీళ్ళేమన్నా ఉన్నాయా?"

"బావి తవ్వించాను. ఊట తక్కువ. ఒక మూలకి సరిపోతుంది."

"ఏం పంట వేద్దామని?"

"మొక్కజొన్నే."

ఇద్దరూ ఎవరో అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. ఒకరినొకరు గుర్తుపట్టారని ఇద్దరికీ తెలుసు, ఆ సంగతి వింటున్న నాకూ తెలుసు. ఆమె కళ్ళెత్తి ఎదుటి గోడ వైపు చూస్తూ లెక్క చెప్పింది. పసిఫిక్ వేడెక్కింది, మన వానలు తగ్గే అవకాశం నూటికి డెబ్భై. దగ్గరి సముద్రం ఏం చేస్తుందో ఇంకా తేలలేదు. ఆలస్యంగా వచ్చి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. మీగడ కథ మాత్రం చెప్పలేదు. అతను అన్నీ విన్నాడు.

"అయితే వెయ్యాలా, వద్దా?"

"అది మేం చెప్పకూడదండి."

"ఆఫీసు మాట కాదు. మీ సొంతవాళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

బెల్లు నొక్కాల్సింది సరిగ్గా అక్కడే. నొక్కకపోతే నా ఉద్యోగానికే మాట వస్తుంది. రానీ అనుకున్నాను.

"నాకు తెలీదని చెప్తాను" అంది ఆమె. గొంతులో ఆఫీసు పోయింది. "ఎవరికీ తెలీదు. తెలుసనుకున్నాను ఒకసారి. నీ పొలం మీద ఎప్పుడు చినుకు పడుతుందో నాకు తెలీదురా. నీటి వసతున్న మూల వెయ్యి, మిగతాది ఆగి చూడు, అంతకుమించి నా దగ్గరేం లేదు."

పక్క ఆపరేటర్ ఎవరికో గాలివేగం చెబుతోంది. నా చెవి నొప్పెట్టేలా ఇయర్‌ఫోన్ అదుముకున్నాను.

"ఆ తెలీదన్న ముక్క ఆ రోజే అనుంటే" అన్నాడు తమ్ముడు, "వేసినా మానినా ఇద్దరం కలిసే చేసుండేవాళ్ళం కదక్కా. నీకు తెలుసన్నావని నేను నోరు మూసుకున్నాను. తర్వాత ఆ బీడు నేనొక్కణ్ణే చూశాను."

"ఉంటాను" అన్నాడు. లైను తెగిపోయింది.

ఆమె బల్ల దగ్గరకు వెళ్ళాను. మామూలుగా నేను నా కుర్చీ దిగను. ఆమె ఏడవడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బస్సు తప్పిపోయిన మనిషిలా కూర్చుంది. వెనక కాల్స్ వరసకట్టి ఎర్రదీపం మిణుకుమంటోంది. కాసేపు బయట తిరిగి రమ్మన్నాను. వద్దని తలూపింది.

"అక్కా అన్నాడు సార్" అంది. "అన్నాడు కదా? మీరూ విన్నారు కదా?"

"విన్నానమ్మా."

"ఆదివారం చేస్తాడంటారా?"

ఆ ముఖం చూసి ఎవడైనా ఏం చెప్పగలడు? ఇన్నేళ్ళు వినడం తప్ప ఇంకేమీ చెయ్యని వాణ్ణి, ఆమెకు ఆ ఒక్క మాటైనా ఇద్దామనిపించింది. "చేస్తాడు" అన్నాను. "తప్పకుండా చేస్తాడు. నామాట నమ్ము."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, జాలి ఉంది.

"నేనూ వాడికి సరిగ్గా ఇలాగే చెప్పాను సార్" అంది, ఇయర్‌ఫోన్ సర్దుకుని తరవాతి కాల్ తీసుకుంది.